క్రిస్మస్ తాతా, నికొలసా: పిల్లలకి ఎవరి గురించి చెప్పాలి?

డిసెంబర్ వస్తే షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర ఎర్ర కోటుతో నిలబడే క్రిస్మస్ తాత అందరికీ తెలుసు, కానీ ఆయన వెనకున్న అసలు మనిషి నికొలస్ గురించి మన క్రైస్తవ ఇళ్లలో కూడా చెప్పేవాళ్లు తక్కువ. 4వ శతాబ్దంలో మైరాలో, అంటే ఇప్పటి టర్కీలోని దెమ్రెలో, బిషప్ ఆయన. కట్నం ఇచ్చుకోలేక ముగ్గురు కూతుళ్లతో కుమిలిపోతున్న ఒక తండ్రి ఇంట్లోకి రాత్రిపూట, ఎవరికీ తెలియకుండా, బంగారం మూటలు విసిరాడని కథ. కట్నం బాధ తెలిసిన మన ఊళ్లలో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

క్రిస్మస్ తాత రూపం చాలావరకు అమెరికాలో తయారైంది: 1863 నుంచి కార్టూనిస్టు థామస్ నాస్ట్ గీసిన బొమ్మలు, 1931 నుంచి కోకా-కోలా ప్రకటనలు. ఆ తాత బుద్ధిగా ఉన్న పిల్లలకి ఇస్తాడు. నికొలస్ అవసరంలో ఉన్నవాళ్లకి ఇచ్చాడు. నాకు ఈ తేడానే పెద్దది, ఎందుకంటే బేత్లెహేములో పశువుల తొట్టిలో పడుకోబెట్టిన ఆ బిడ్డని దేవుడు ఎవరి మంచితనమూ చూసి ఇవ్వలేదు.

అందుకే మా ఇంట్లో బహుమతులు నికొలస్ పండుగ రోజుకి, డిసెంబర్ 6కి మార్చాం. 25న ఆరాధన, యేసు పుట్టుక కథ ఉన్న లూకా సువార్త 2వ అధ్యాయం చదవడం, ఇరుగుపొరుగుతో భోజనం. మొదటి ఏడాది పిల్లలు బాగా అలిగారు.