క్రికట్ మేకర్‌తో టిష్యూ పేపర్, సిల్క్ కటింగ్ ఎలా ఉందంటే

క్రికట్ మేకర్ అంటే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఇచ్చిన డిజైన్ ప్రకారం కాగితం, బట్ట లాంటివి కోసే మెషీన్. కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం), వినైల్ (వెనక జిగురుండే పల్చటి ప్లాస్టిక్ షీట్) వరకే అయితే ఈ మెషీన్ అక్కర్లేదండి, అదే కంపెనీ మెషీన్ ఎక్స్‌ప్లోర్ ఎయిర్ 2 చాలు. మేకర్ కొనడానికి నాకు కనపడ్డ పెద్ద కారణం రోటరీ బ్లేడ్, అది ఎక్స్‌ప్లోర్‌లో పట్టదు. మామూలు ఫైన్ పాయింట్ బ్లేడ్ కొన కాగితంలోకి దిగి ఈడ్చుకుంటూ పోతుంది, టిష్యూ పేపరో క్రేప్ పేపరో అయితే ఆ ఈడ్పుకే చిరిగిపోతుంది, లేదంటే ముడత పడి బ్లేడ్ వెంటే వచ్చేస్తుంది. రోటరీది చిన్న చక్రం, దొర్లుకుంటూ కోస్తుంది కాబట్టి ఆ లాగుడు ఉండదు, సిల్క్ లాంటి పల్చటి బట్ట కూడా వెనకాల బ్యాకింగ్ ఏమీ అంటించకుండానే శుభ్రంగా తెగుతుంది.

కానీ చక్రం మలుపు తిరగాలంటే చోటు కావాలి కదా, 19 మిల్లీమీటర్ల కంటే చిన్న షేపులు దీనికి ఇవ్వొద్దని కంపెనీవాళ్లే చెప్తారు, ఇస్తే బ్లేడ్ త్వరగా పాడవుతుంది. కాబట్టి లేసు లాంటి సన్న డిజైన్లు, చిన్న అక్షరాలు టిష్యూ మీద ఆశించొద్దు, పెద్ద పూరేకులు, ఆకులు అయితే హాయిగా చేసుకోవచ్చు.

ఇక మ్యాట్ సంగతి, అంటే కాగితాన్నో బట్టనో అంటించి మెషీన్‌లోకి పంపే జిగురు షీట్. నన్నడిగితే సగం రిజల్ట్ మెషీన్‌ది, సగం మ్యాట్‌ది. పల్చటి కాగితానికి నీలం రంగు లైట్ గ్రిప్, బట్టకి పింక్ ఫాబ్రిక్ గ్రిప్. ఆకుపచ్చ స్టాండర్డ్ గ్రిప్ మీద టిష్యూ పెట్టారంటే ఇక అంతే, ముక్కలుగా గోక్కోవాలి. నీలందైనా కొత్తలో జిగురు ఎక్కువే, శుభ్రమైన కాటన్ బట్ట నాలుగైదు సార్లు అద్ది తీస్తే దారికొస్తుంది. పింక్ మ్యాట్‌ని మాత్రం వేళ్లతో తాకొద్దు, చేతి జిడ్డుకి పట్టు పోతుంది, బట్టని రోలర్‌తో అదిమి, మిగిలిన దారాలు ట్వీజర్‌తో ఏరుకోవాలి. బ్రాండ్ పేరే లేని మ్యాట్ ఒకటి కూడా వాడి చూశాను, ఒక మూల బంక బంకగా, ఇంకో మూల అసలు పట్టే లేదు, దాని గురించి ఇంతకంటే టైపు చేయడం దండగ.

తెగాక కాగితాన్ని పైకి లాగొద్దు, మ్యాట్‌ని బోర్లా తిప్పి టేబుల్ మీద పెట్టి మ్యాట్‌నే వెనక్కి వంచుతూ రండి, కాగితం బల్లకి ఆనుకుని చదునుగా ఉండిపోతుంది, చుట్ట చుట్టుకోదు. ఇదొక్కటి అలవాటైతే చాలా షీట్లు మిగులుతాయి.

పల్చటి వినైల్‌ని గోడకో గ్లాసుకో ఎక్కించేటప్పుడు స్ట్రాంగ్ గ్రిప్ ట్రాన్స్‌ఫర్ టేప్ (కోసిన వినైల్‌ని షీట్ నుంచి ఎత్తి అతికించే చోటికి మార్చే టేప్‌లో జిగురు ఎక్కువున్న రకం) జోలికి పోకండి, అది గ్లిటర్ వినైల్ లాంటి గరుకు వాటికి, పల్చటి దాన్ని పట్టుకుంటే వదలదు. మామూలు ట్రాన్స్‌ఫర్ టేపే వాడండి, అదీ జిగురు తగ్గేలా ముందు ఒకసారి బట్టకి అద్ది, తీసేటప్పుడు నిట్టనిలువుగా లాగకుండా వెనక్కి మడిచినట్టు నిదానంగా తీయండి, ఎక్కడైనా వినైల్ లేస్తుంటే అక్కడే ఆగి మళ్లీ రుద్దండి.