టెక్సాస్‌లో ఇంటి అడ్రసు కనపడకూడదంటే: ఫారమా, ట్రస్టా, ఎల్ఎల్‌సీనా?

ఏప్రిల్ వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్లందరికీ ఒకటే టెన్షన్. అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్లకు విలువ కట్టే ఆఫీసు) నుంచి ఇంటి విలువ నోటీసు వస్తుంది, ఎక్కువ వేశారనిపిస్తే మే 15 లోపు ప్రొటెస్ట్ చేయాలి. అందుకని సైట్‌లోకి వెళ్లి పక్కింటివాళ్లకు ఎంత వేశారో చూస్తాం. పోయినేడాది అలా చూస్తూ సరదాకి మా ఇంటిపేరు కొట్టాను. రెడ్డి అనో రావు అనో కొడితే పేజీలకు పేజీలు వస్తాయి. మాది అరుదైన ఇంటిపేరు. కౌంటీ మొత్తానికి ఒక్కటే వచ్చింది: మా ఆయన పేరు, నా పేరు, ఇంటి నంబరుతో సహా అడ్రసు. మన దగ్గర ఈసీ తీయాలంటే డాక్యుమెంట్ నంబరో ఇంటి నంబరో చేతిలో ఉండాలి. ఇక్కడ మనిషి పేరు తెలిస్తే చాలు.

దాన్ని దాచుకోవడానికి ఏం దారులున్నాయో అప్పటినుంచి వెతుకుతున్నాను.

అన్నిటికన్నా మేలైనది ఫారం 50-284. పైసా ఖర్చు లేదు. టెక్సాస్ పన్నుల చట్టం (టాక్స్ కోడ్) సెక్షన్ 25.025 కింద ఆ ఫారం నింపి అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి ఇస్తే వాళ్ల రికార్డులో మీ ఇంటి అడ్రసు గోప్యంగా ఉంటుంది. మీరే రాసిచ్చి రద్దు చేసుకునేదాకా చెల్లుతుంది. చిక్కల్లా అర్హత దగ్గరే. పోలీసులు, జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, జైలు సిబ్బంది, గృహహింస బాధితులు, ఇలా చట్టంలో జాబితా ఉంది. జాబితాలో జడ్జీలు ఉన్నారంటే ఊరికే లేరు. 2015లో ఆస్టిన్‌లో జడ్జి జూలీ కోసురెక్ మీద ఆమె ఇంటి ముందే కాల్పులు జరిగాయి. 2017లో ఆమె పేరుతోనే న్యాయమూర్తుల భద్రతా చట్టం వచ్చింది. కోడ్ రాసుకుని బతికే మాలాంటివాళ్లు ఆ జాబితాలో లేరు, ఉండాలని అడగడమూ కష్టమే.

అర్హత ఉన్నవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్‌లో ఉంటుంది. రెండు వైపులా ఇళ్లుంటే రెండు చోట్లా ఫారం ఇవ్వాలి. పైగా ఇది అప్రైజల్ రికార్డుకే పనిచేస్తుంది. కౌంటీ క్లర్క్ దగ్గర రిజిస్టరైన డీడ్ (ఇంటి దస్తావేజు) దానంతటది మాయం కాదు.

మరి మిగతావాళ్లకి? లివింగ్ ట్రస్ట్ (బతికుండగానే ఆస్తిని పెట్టుకునే ట్రస్ట్) ఒక దారి. ఇల్లు ట్రస్ట్ పేరు మీద ఉంటుంది కాబట్టి మీ పేరు కొడితే సులువుగా దొరకదు. చట్టం అడిగినట్టు రాయించుకుంటే హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పన్ను రాయితీ) పోదు. లోన్ ఉన్నా, మీరే లబ్ధిదారుగా ఉండి ఆ ఇంట్లోనే ఉంటే ట్రస్ట్‌లోకి మార్చినందుకు బ్యాంకు మొత్తం బాకీ ఒకేసారి కట్టమనకుండా 1982 నాటి ఫెడరల్ చట్టం అడ్డుపడుతుంది. లాయరు ఫీజు మాత్రం తప్పదు. మా ఫ్రెండ్ ఒకావిడ అన్నీ పద్ధతిగా చేయించుకుంది, ట్రస్ట్‌కి ఇంటిపేరే పెట్టింది! ఇద్దరం కూర్చుని సైట్‌లో వెతికితే మొదటి వరుసలోనే ‘ఫలానా ఫ్యామిలీ ట్రస్ట్’, పక్కనే అడ్రసు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ చెట్టు పేరో పిట్ట పేరో పెట్టుకుంటే సరిపోయేది.

ఎల్ఎల్‌సీ (చిన్న ప్రైవేటు కంపెనీ) పెట్టి ఇల్లు దాని పేరు మీద పెట్టేసెయ్ అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి పార్టీలోనూ ఇద్దరుంటారు. ఉండే ఇంటికి అది శుద్ధ దండగ. కంపెనీ పేరు మీదున్న ఇంటికి హోమ్‌స్టెడ్ ఉండదు. 2025 నుంచి స్కూల్ టాక్స్‌లో ఆ మినహాయింపు 1,40,000 డాలర్లు. అది పోతుంది, ఏటా పన్ను విలువ పది శాతానికి మించి పెరగకూడదనే రక్షణా పోతుంది. రిజిస్ట్రేషన్‌కి 300 డాలర్లు కట్టాక, కంపెనీ నడిపేవాళ్ల పేర్లతో కంప్ట్రోలర్‌కి (రాష్ట్ర పన్నుల అధికారికి) ఏటా ఇచ్చే రిపోర్టు మళ్లీ పబ్లిక్కే. అద్దెకిచ్చే ఇంటికైతే ఆలోచించవచ్చు.

ఉండే ఇంటికి మెయిలింగ్ అడ్రసుగా పీఓ బాక్స్ పెట్టినా లాభం లేదు, ఇంటి అడ్రసు రికార్డులో వేరే గడిలో ఎలాగూ ఉంటుంది. అద్దె ఇంటికి మాత్రం పనికొస్తుంది. లేకపోతే ఆ రికార్డులో మెయిలింగ్ అడ్రసుగా మీరుండే ఇల్లే కనపడుతుంది, అద్దెకున్నవాళ్లు అది చూసి నేరుగా మీ గుమ్మం ముందుకే రావచ్చు.

భర్త నుంచో వెంటాడేవాడి నుంచో తప్పించుకుని వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ట్రస్టుల గురించి ఆలోచించే తీరికా డబ్బూ ఉండవు. టెక్సాస్ అటార్నీ జనరల్ ఆఫీసు నడిపే అడ్రస్ కాన్ఫిడెన్షియాలిటీ ప్రోగ్రామ్ వాళ్ల కోసమే. అసలు అడ్రసుకు బదులు వాడుకోవడానికి ఒక పీఓ బాక్స్ ఇస్తారు, ఉత్తరాలు అక్కణ్నుంచి పంపిస్తారు. హింసించినవాడికి తెలియని అడ్రసులో ఉంటున్నా, అలాంటి చోటికి మారబోతున్నా అందులో చేరవచ్చు.

డీడ్ మీద పైన పెద్దక్షరాల్లో ఒక నోటీసు ఉంటుంది: సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్స్ నంబరు కొట్టేయించుకోవచ్చని. క్లోజింగ్ (ఇంటి కొనుగోలు పూర్తయ్యే) రోజు తాళాల హడావిడిలో నేను అది చదవనే లేదు. పేరు గురించి అందులో ఒక్క ముక్కా లేదు. మేం ఇప్పుడు ట్రస్ట్ పెట్టినా మా పేర్లతో ఉన్న పాత డీడ్ క్లర్క్ దగ్గర అలాగే ఉంటుంది, ఇప్పటికే రికార్డులు లాగేసుకున్న వెబ్‌సైట్లలోనూ ఉంటుంది. అందుకే ఈ ఇంటి సంగతి వదిలేశాం. ఇంకో ఇల్లు కొంటే మాత్రం క్లోజింగ్‌కి ముందే ట్రస్ట్ పెట్టాలని అనుకున్నాం. పేరేంటో మా ఆయన ఇంకా తేల్చలేదు.