1:64 స్కేలు, 12 మి.మీ. పట్టాలు: పర్లాకిమిడి చిన్నబండితో తొమ్మిదేళ్ళు

తొమ్మిదేళ్ళ కింద మేడ మీద గదిలో మా ఊరి రైలుకి చిన్న మోడల్ కట్టడం మొదలుపెట్టి మొదటి పట్టా ముక్క అతికించాను. మొదటి బండి కదిలినప్పట్నుంచి ఇప్పటిదాకా దాని మీద బండి తిరగని వారం లేదు, తుఫాను వచ్చిన ఆ రెండు నెలలు తప్ప. కాబట్టి ఈ 1:64 స్కేలు (అసలు బండిలో అరవై నాలుగో వంతు సైజు) గురించి ఇప్పుడైతే నమ్మకంగా చెప్పగలను అనిపించి రాస్తున్నా. ఇండియాలో దీన్ని పట్టుకున్నవాళ్ళు నాకైతే ఒక్కరు కూడా తగల్లేదు, ఎవరైనా మొదలుపెడదాం అనుకుంటే పనికొస్తుంది.

మాది పర్లాకిమిడి. నౌపడలో బయల్దేరి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా మా ఊరొచ్చి, ఇక్కణ్ణుంచి కాశీనగర్ మీదుగా గుణుపూర్ వెళ్ళే నేరోగేజ్ లైన్, మా ఇంట్లో చిన్నబండి అనేవాళ్ళం. 1900లో మా రాజావారు సొంత డబ్బుతో నౌపడ నుంచి ఊరిదాకా వేయించిన లైను అది, గుణుపూర్‌కి 1931లో చేరింది. 1992 దాకా ఆవిరి ఇంజన్లే, తర్వాత డీజిల్, 2004 జూన్ 9న ఆపేశారు, ఇప్పుడదే దారిలో బ్రాడ్‌గేజ్ నడుస్తోంది. నాకు ఆవిరి ఇంజన్ బాగా గుర్తు. అమ్మతో టెక్కలి వెళ్తుంటే కిటికీలోంచి తల బయట పెట్టి కంట్లో బొగ్గు నలుసు పడి, దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ బండే కావాలి నాకు, ఏదో ఒక నేరోగేజ్ బండి కాదు.

స్కేలు దగ్గరే అసలు తలనొప్పి. మా లైను గేజ్, అదే రెండు పట్టాల మధ్య దూరం, రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మి.మీ. అందరూ వెళ్ళే దారి హెచ్‌వోఈ, 1:87 స్కేల్లో బండి, కింద ఎన్ గేజ్ 9 మి.మీ. పట్టాలు. 9ని 87తో గుణిస్తే 783, పర్వాలేదు, సామాను కూడా బోలెడు దొరుకుతుంది, కానీ చాలా చిన్నది, నా కళ్ళకీ చేతులకీ ఆ సైజులో చక్రాలు బిగించడం కష్టం. ఇంకోటి ఓఎన్30, 1:48 స్కేలు, హెచ్‌వో (1:87లో మామూలు రైళ్ళు) పట్టాలు 16.5 మి.మీ., గుణిస్తే 792, బండ్లు చూడ్డానికి నిండుగా ఉంటాయి గానీ నా గదిలో స్టేషన్ యార్డు పట్టదు. ఈ రెంటి మధ్యలో ఉంది ఎస్ స్కేలు, 1:64. అమెరికన్ ఫ్లయర్ వాళ్ళు 1946లో దీన్ని బొమ్మ రైళ్ళలోకి తెచ్చి కొన్నాళ్ళు బాగా అమ్మారు, తర్వాత హెచ్‌వో ముందు నిలబడలేకపోయింది. దీనికి 12 మి.మీ. పట్టాలు వేస్తే 12 ఇంటూ 64, 768. ఆరు మిల్లీమీటర్లు తేడా, అదీ అసలు లైను మీద! మోడల్లో చూస్తే మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా లేదు. ఈ లెక్క కాగితం మీద వచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో సుఖం కూడా ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఎస్ స్కేల్లో అడుగు అంటే అంగుళంలో పదహారింట మూడొంతులు. పాత బండ్ల కొలతలన్నీ అడుగులు అంగుళాల్లోనే ఉంటాయి కదా, మన వడ్రంగి లెక్కలో రెండడుగులు అంటే మూడు నూళ్ళు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు), పదహారడుగులు అంటే మూడంగుళాలు, అంతే. క్యాలిక్యులేటర్ లేకుండా మామూలు టేపు పెట్టుకుని కోచ్ గీసేయొచ్చు. మా వీధిలో వడ్రంగికి ఒక్కసారి చెప్తే పట్టేశాడు, 1:87 అయితే ఎలా చెప్పేవాణ్ణో ఊహించుకోలేను.

సరే, పట్టాలు. 12 మి.మీ. పట్టాలు రెండు రకాల వాళ్ళకోసం తయారవుతాయి, టీటీ అనే 1:120 స్కేలు వాళ్ళకి, 1:87లో మీటర్‌గేజ్ చేసే వాళ్ళకి. టీటీది తీసుకోకండి, స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా పరిచే చెక్కలు) అగ్గిపుల్లల్లా ఉంటాయి. నేను పెకో కంపెనీ వాళ్ళ మీటర్‌గేజ్ ఫ్లెక్సీ ట్రాక్ తెప్పించాను, పట్టా సన్నగా ముచ్చటగా ఉంది, సాఫీగా వంగుతుంది, తొమ్మిదేళ్ళలో ఒక్క చోట కూడా స్లీపర్ నుంచి ఊడలేదు. క్వాలిటీకి వంక లేదు. రెండు వారాల్లో స్టేషన్ అంతా పరిచేసి, మా పెదనాన్నని మెల్లగా మేడ మెట్లెక్కించి తీసుకొచ్చి చూపించాను. ఆయన ఆ లైన్లోనే గ్యాంగ్‌లో పనిచేసి రిటైరయ్యాడు.

కుర్చీలో కూర్చుని బోర్డు మీదకి వంగి చాలాసేపు చూశాడు. ఇంజన్ వంక చూళ్ళేదు, స్టేషన్ బిల్డింగ్ వంకా చూళ్ళేదు. "ఇదేటిరా బాబూ, స్లీపర్లు ఇంత దగ్గర దగ్గరగా ఏసీసినావు? మన లైను ఇలాగ ఉండీది కాదు. నాను నడిస్తే ఒక్కో అడుగూ ఒక్కో స్లీపరు మీద పడీది, మద్దిలో కంకర తొక్కీవోణ్ణి కాదు" అన్నాడు.

అప్పుడే కిందకి తీసుకెళ్ళి, పెరట్లో ముగ్గు పిండితో గీతలు గీస్తూ ఆయన్ని డ్యూటీలో నడిచినట్టు నడవమన్నాను. ఎనభై దాటిన మనిషి, ముందు చిన్న చిన్న అడుగులు వేశాడు, తర్వాత ఏం గుర్తొచ్చిందో నడుం నిటారు చేసి, చేతులు వెనక్కి కట్టుకుని, తల కిందకి దించి పట్టాలు చూస్తున్నట్టు నడిచాడు. మూడు సార్లు నడిపించి టేపు పెట్టి కొలిస్తే సగటున అడుగుకి 29 అంగుళాలు వచ్చింది. 64తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. నేను పరిచిన దాంట్లో దూరం అంతకంటే బాగా తక్కువ, అది యూరప్ మీటర్‌గేజ్ చూసి చేసింది మరి.

స్టేషన్ ముందు భాగం అంతా పీకేశాను. అయిదడుగుల స్లీపర్ మన స్కేల్లో 24 మి.మీ., వడ్రంగి దగ్గర మిగిలిన టేకు బీడింగ్ సన్నగా చీల్పించి, ఆ పొడుగున ముక్కలు కోసి, పదకొండున్నర మి.మీ.కి ఒకటి చొప్పున అతికించాను. ప్రతి అయిదోది పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు) ముక్క, దాని పైన రాగి పొరని మధ్యలో గీరి షార్ట్ లేకుండా చేసి, పట్టాని దానికి సోల్డర్ చేశాను. గేజ్ తప్పకుండా 12 మి.మీ. ఇత్తడి ముక్క ఒకటి మధ్యలో పెట్టుకుంటూ. ఆర్నెల్లు పట్టింది. పని అయ్యాక పెదనాన్న మళ్ళీ వచ్చి వేలితో ఒక్కో స్లీపర్ తాకుతూ ప్లాట్‌ఫాం చివరిదాకా వెళ్ళాడు, ఏమీ అన్లేదు, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ ఆర్నెల్లు నాకు ఆ రోజే గిట్టుబాటయ్యాయి. బోర్డు చివర కనపడని వంపుల్లో మాత్రం ఫ్లెక్సీయే ఉంచేశాను.

ఇంజన్ సంగతి. ఈ స్కేల్లో మన ఇంజన్ కొనుక్కోవడం అనేది లేదు, దీనికి సిద్ధపడే దిగాలి. మా లైను ఆవిరి ఇంజన్ రకం పీఎల్ క్లాస్, ముందు ఆరు పెద్ద చక్రాలు, వెనక నాలుగు చక్రాల చిన్న బోగీ. కింద మెకానిజం కోసం విదేశం నుంచి సెకండ్‌హ్యాండ్‌లో ఒక టీటీ షంటింగ్ ఇంజన్ తెప్పించి, పై బాడీ తీసేసి, ఇత్తడి రేకుతోనూ స్టైరీన్ ప్లాస్టిక్ షీటుతోనూ కొత్త బాడీ కట్టాను. లెక్క చూస్తే టీటీలో బ్రాడ్ చక్రం మనకి నేరోగేజ్ చక్రం సైజే అవుతుంది, ఉదాహరణకి 11 మి.మీ. చక్రం 1:64లో రెండడుగుల నాలుగంగుళాలు. మొదట తెప్పించిన మెకానిజంలో ప్లాస్టిక్ గేర్ రెండో ఏడు పగిలింది, అమ్మినాయన్ని అడిగితే జవాబు లేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అదృష్టవంతులు, 2022లో బ్రిటిష్ కంపెనీ హార్న్‌బీ టీటీ మోడళ్ళు మొదలుపెట్టాక 12 మి.మీ. మెకానిజంలు కొత్తవి దొరుకుతున్నాయి, వాళ్ళ క్లాస్ 08 షంటర్‌కి చక్రాల బయట క్రాంకులు ఉంటాయి, నేరోగేజ్ ఇంజన్ చేయడానికి బలే కుదురుతుంది.

పొగ గొట్టం, డోమ్ మాత్రం మా ఊరి సొంతం. కొమ్ము బొమ్మలకి పర్లాకిమిడి పేరున్న ఊరే కదా, మాకు తెలిసిన కొమ్ము పనివారి దగ్గరికి కాగితం మీద బొమ్మ గీసుకుని వెళ్ళాను. గేదె కొమ్ము చివర గట్టి భాగం తీసుకుని, లేత్ మీద పెట్టి, ఆకురాయితో అంచు తీసి, పైన గొట్టం పెదవి కాస్త బయటికి వంగేలా తిప్పారు, చివర్న గుడ్డతో పాలిష్ పెడితే నల్లగా నూనె రాసినట్టు మెరిసింది. రంగు వేయాల్సిన పనే లేదు. ఏడేళ్ళయింది, ఎండకీ వానకీ వంగలేదు, పగల్లేదు. అదే ఇంజన్‌కి వైజాగ్‌లో త్రీడీ ప్రింట్ చేయించిన రెసిన్ క్యాబ్ మూడో వేసవికే అరటి తొక్కలా వంగింది, పీకేసి ఇత్తడిది పెట్టాను. రెసిన్ పెద్ద ముక్కలకి వద్దు, వాక్యూమ్ సిలిండర్లు, దీపాలు లాంటి చిన్నవాటికైతే బాగుంటుంది.

చక్రాల దగ్గర నేను చాలా నష్టపోయాను, ఇది జాగ్రత్తగా చదవండి. టీటీ చక్రాలూ హెచ్‌వో మీటర్‌గేజ్ చక్రాలూ రెండూ 12 మి.మీ.ల మీదే నడుస్తాయి కానీ లోపలి వైపు చక్రానికీ చక్రానికీ మధ్య దూరం కంపెనీ కంపెనీకీ తేడా. మామూలు పట్టా మీద తెలీదు, పాయింట్లలో, అదే లైను రెండుగా చీలే చోట, క్రాసింగ్ దగ్గరికొచ్చేసరికి ఒక డబ్బా ఎక్కి దిగుతుంది, ఇంకోటి గెంతుతుంది. ఏడాది పాటు పాయింట్లనే తిట్టుకుంటూ సరిచేశాను, తర్వాత డిజిటల్ కాలిపర్ కొని అన్ని డబ్బాలూ తిరగేసి కొలిస్తే అసలు విషయం బయటపడింది. ఒకే కంపెనీ చక్రాలు తీసుకుని అన్నిటికీ అవే వేశాక పట్టా దిగడం దాదాపు ఆగిపోయింది. డబ్బాల్ని కలిపే కప్లింగ్‌కి కేడీ కంపెనీ 714, హెచ్‌వోఎన్3 (1:87లో మూడడుగుల గేజ్) చేసే వాళ్ళది, సైజు మన బండ్లకి సరిపోతుంది, మన మధ్య బఫర్ కప్లింగ్‌లా ఉండదు గానీ నమ్మకంగా పనిచేస్తుంది. వంపులు మొదట 40 సెం.మీ. రేడియస్ పెట్టాను, గూడ్స్ డబ్బాలకి చాలు, 18 సెం.మీ. పాసింజర్ కోచ్‌లు కట్టాక 60కి మార్చాల్సి వచ్చింది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది. మేడ మీద రేకులు ఒక పక్క లేచిపోయి వాన నీళ్ళు సగం బోర్డు మీద పడ్డాయి, ఊరికే కరెంటు లేదు, జిల్లాలో కొండ పల్లెల్లో జనం పోయారు, ఆ వారం రైలు బొమ్మ గురించి ఆలోచించే పరిస్థితి కాదు. తర్వాత వెళ్ళి చూస్తే ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే షీటు) బోర్డు రొట్టెలా ఉబ్బిపోయింది. పట్టాలు నికెల్ సిల్వర్ కాబట్టి తుప్పు పట్టలేదు, ఫెవికాల్‌తో అతికించిన కంకర అంతా పాలలా కరిగింది. అప్పుడు మెరైన్ ప్లైవుడ్ మీదకి మార్చి, కింద చెదల మందు కొట్టించి, బోర్డు అంచులన్నిటికీ వార్నిష్ వేశాను, ఇంతవరకు కదల్లేదు. మా వైపు వాళ్ళెవరూ ఎండీఎఫ్ జోలికి పోవద్దు. మే నెలలో ఇంకో గొడవ, పట్టా ముక్కల మధ్య సందు వదలకుండా పెట్టానేమో ఒక మధ్యాహ్నం మెయిన్ లైను పాములా మెలిక తిరిగింది. మీటర్‌కి అర మిల్లీమీటర్ వదిలితే చాలు. వర్షాకాలంలో కరెంటు సరిగ్గా అందకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 6బీ పెన్సిల్‌తో పట్టా పైన తేలిగ్గా రుద్దుతాను, వారం పది రోజులు బాగా నడుస్తుంది.

చుట్టుపక్కల వాతావరణం చేయడానికి ఈ స్కేలంత సుఖం ఇంకోటి లేదు. హాట్‌వీల్స్, మేజోరెట్ కార్లు సుమారు ఈ సైజే, కిరాణా కొట్లో దొరుకుతాయి, కాకపోతే హాట్‌వీల్స్ ప్యాకెట్లో పట్టేలా చేస్తారు కాబట్టి లారీలు బస్సులు బాగా చిన్నవైపోతాయి, కొలిచి కొనండి. మనుషులు నేనే ఎం-సీల్‌తో చేస్తాను, అయిదున్నర అడుగుల మనిషి 26 మి.మీ., లుంగీ మడత, తలపాగా కనపడేంత సైజు. మహేంద్రతనయ ఇసుక కడిగి టీ జల్లెడతో జల్లిస్తే కంకర రెడీ, కానీ ముందు అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేయాలి, లేకపోతే మోటారు లాక్కుంటుంది, ఒక మోటారు అలాగే పోయింది నాది. సంతలో సవరలు అమ్మే కొండ చీపురు పువ్వు కత్తిరించి నాటితే లైను పక్కన రెల్లు గడ్డి దిగినట్టే ఉంటుంది.

ఇది అందరికీ సరిపోదు. డార్జిలింగ్, మాథేరాన్ చేయాలంటే వద్దు, అవి రెండడుగుల గేజ్, 64తో భాగిస్తే 9.5, దానికి వేరే లెక్క చూసుకోవాలి. నాగ్‌పూర్ వైపు పాత నేరోగేజ్, పాత బార్సీ లైట్ రైల్వే, కల్కా–సిమ్లా, ఇవన్నీ 762యే, వాటికి ఇది అచ్చంగా సరిపోతుంది. డబ్బా తెరిచి రైలు నడిపేయాలి అనుకునేవాళ్ళకి కూడా వద్దు, నాకు మొదటి బండి బయల్దేరడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. అయిదుకి మార్కులేస్తే పట్టాలకి అయిదు, దొరికే సామానుకి ఒకటిన్నర, మొత్తం మీద నాలుగు.

ఇప్పుడు రెండో పీఎల్ ఇంజన్ బల్ల మీద ఉంది. మెకానిజం కుదిరింది, బాయిలర్‌కి ఇత్తడి గొట్టం కోశాను, కొమ్ము గొట్టం నిన్ననే తెచ్చాను. పోయినేడు పెదనాన్న వెళ్ళిపోయాడు. టెంబూరు స్టేషన్ కోసం కొత్త బోర్డు మొదలుపెట్టాను, దానికి కూడా స్లీపర్లు పదకొండున్నర మిల్లీమీటర్లకే వేస్తున్నా.