హైదరాబాద్–దుబాయ్ విమానం: పదకొండేళ్లు తిరిగాక

మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్‌లో పనికి చేరి పదకొండేళ్లయింది. ఏటా ఒకసారి, వీలైతే రెండుసార్లు ఇంటికి వచ్చిపోతుంటాను. కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, ఎంతసేపు పడ్తది?"

టికెట్ చూస్తే తికమకే. నేను ఎక్కువగా ఎక్కేది తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో లేచి, 6:30కి దుబాయ్‌లో దిగే విమానం. తిరుగు ప్రయాణం రాత్రి 9:45కి అక్కడ, 2:45కి ఇక్కడ. మా అమ్మ ఈ టైములన్నీ గుర్తుపెట్టుకుని ఒకసారి అడగనే అడిగింది. "పోయేటప్పుడు రెండున్నర గంటల్ల పోతివి, వచ్చేటప్పుడు ఐదు గంటలెందుకురా బిడ్డా? నడుమల ఏడనన్న ఆపుతరా?"

ఎక్కడా ఆపరు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక, అంతే. ఆ లెక్క సరిచేస్తే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. అమ్మ అనుకున్నదానికి తలకిందులు!

దూరం ఎటైనా ఒకటే, నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. తేడా అంతా గాలిది. అంత ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమటి నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెన్నుదన్ను. ఒక సంక్రాంతికి వస్తూ ముందు సీటు తెర మీద వేగం చూస్తే గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటింది. అదే నెల తిరిగి పోతుంటే ఏడు వందల యాభై దగ్గరే ఊగిసలాడింది.

అసలు అలసట గాల్లో కాదు, నేల మీద. 4 గంటల విమానానికి ముందురోజు రాత్రి ఏడున్నరకే ఊరు వదలాలి. శంషాబాద్‌కు కారులోనే ఐదు గంటలు. ఆపైన సామాను లైను, ఇమిగ్రేషన్ లైను. దుబాయ్‌లో దిగి రూముకు చేరేసరికి అక్కడ ఎనిమిది. గడప నుంచి గడపకు పద్నాలుగు గంటలన్నమాట, అందులో విమానం వాటా నాలుగే.

అందుకే డైరెక్ట్ విమానం తప్ప వేరేది వద్దంటాను. ఒకసారి మూడు వేలు మిగులుతాయని మధ్యలో మారే టికెట్ కొన్నాను. మొదటి విమానం లేటయింది, రెండోది వెళ్లిపోయింది. రాత్రంతా ఇనుప కుర్చీలో కూర్చుని, మిగిలిన మూడు వేలూ అక్కడే తిండికి, టీలకు పెట్టాను. పక్కనే ఉన్న షార్జాకు టికెట్ చవగ్గా దొరికితే మాత్రం వెనకాడకండి. దుబాయ్‌లోని దేరా ప్రాంతంలో ఉండేవాళ్లకు రోడ్డు మీద రద్దీ లేకపోతే టాక్సీలో అరగంట దూరం. దుబాయ్‌లోనే దిగితే టెర్మినల్ నంబరు చూసుకోండి. మెట్రో 1, 3 దగ్గర ఆగుతుంది, 2 దగ్గర ఆగదు.

సామాను సంగతి కూడా చెప్పాలి. తొక్కులు, కారంపొడి అట్టపెట్టెలో వేసేయొచ్చు. సకినాలు మాత్రం చేతి సంచిలోనే. మొదటి ఏడు పెట్టెలో వేశాను. రూములో విప్పితే నూకలు. అందరం గిన్నెల్లో పోసుకుని చెంచాలతో తిన్నాం.