పడవ కట్టడానికి మూడు పేటల నైలాన్ తాళ్లు

తెరచాప పడవను డాక్‌లో వదిలి వెళ్లాలంటే నేను ఈ తాళ్లనే నమ్ముతాను. అల ఊపినప్పుడు నైలాన్ సాగి, ఆ కుదుపంతా క్లీట్ (తాడు చుట్టి కట్టే కొక్కెం) మీద పడకుండా కాస్తుంది. పాలిస్టర్ అంత సాగదు. మా 27 అడుగుల పడవకి 3/8 అంగుళం మందం సరిపోయింది. తుఫాను సూచన ఉంటే మాత్రం ఇంకో సైజు పెద్దదే వాడతాను. ముందూ వెనకా కట్టే తాళ్లతో పాటు స్ప్రింగ్ లైన్లనే తాళ్లు కూడా ఏటవాలుగా కట్టాలి, లేకపోతే పడవ ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంటుంది.

నచ్చనిది ఒక్కటే: చాక్ (పడవ అంచున తాడు వెళ్లే గాడి) దగ్గర ఒరుసుకుని పైపోగులు నూగులా లేస్తున్నాయి. తాడుతో ఇచ్చిన గుడ్డ తొడుగు నిలవదు, జారిపోతుంది. దాన్ని గట్టి దారంతో తాడుకే కుట్టేయండి. వెళ్లేముందు హాల్యార్డ్‌ని (తెరచాపను పైకి లాగే తాడు) మాస్ట్‌కి (తెరచాప స్తంభం) దూరంగా లాగి కట్టండి, లేదంటే గాలికి టకటకా కొట్టుకుని అదీ అరిగిపోతుంది.