కోన్ దావ్ దీవుల్లో నత్తల కోసం నాలుగు రోజులు

వియత్నాం దక్షిణ తీరానికి ఎడంగా ఉన్న 16 దీవుల సమూహమే కోన్ దావ్. అక్కడికి వెళ్లేవారిలో చాలామంది 1862 నుంచి 1975 వరకు నడిచిన జైళ్లను చూడటానికి, 1952లో ఫ్రెంచివారు కాల్చి చంపిన వో థి సావ్ అనే విప్లవ యువతి సమాధికి దండం పెట్టుకోవడానికి వెళతారు. మా ప్రయాణానికి మాత్రం కారణం అంత గొప్పది కాదు. ఓక్ వూ నాంగ్ అనే సముద్రపు నత్తను, అది పుట్టి పెరిగిన చోటే తినాలన్నది నా కోరిక. తోడు వచ్చిన మా బావగారు శుద్ధ శాకాహారి.

ఓక్ అంటే నత్త, వూ నాంగ్ అంటే పడుచు రొమ్ము. గుల్ల శంకువులా లేచి మొనదేలి ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. మన గోదావరి జిల్లాల్లో కూర వండుకునే నత్తల మాదిరిగా దీని గుల్ల మెలి తిరిగి ఉండదు, చిన్న గొడుగును రాతి మీద పెట్టినట్టు ఉంటుంది. అలలు కొట్టే బండలను పట్టుకొని, వాటి మీది నాచును గీక్కుని తింటూ బతుకుతుంది. అలికిడి తగిలితే బండకు మరింత బిగుసుకుపోతుంది కనుక, సముద్రపు నీరు వెనక్కి తీసిన వేళ వెళ్లి, అది తేరుకునేలోగా చదునైన కత్తిని అడుగున దూర్చి ఒక్క ఊపున లేపాలట. అమావాస్యకు, పున్నమికి సముద్రం బాగా తీస్తుంది కాబట్టి సరుకు అప్పుడే ఎక్కువగా వస్తుందని మా బస యజమానురాలు చెప్పింది. ఇది ముందే తెలిసి ఉంటే టిక్కెట్లు పంచాంగం చూసుకొని కొనేవాళ్లం.

హో చి మిన్ నగరం నుంచి చిన్న విమానంలో గంట లోపే చేరవచ్చు. పడవ చౌక, కానీ వుంగ్ తావ్ నుంచి దాదాపు నాలుగు గంటలు, త్రాన్ దే రేవు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. ఈశాన్య గాలుల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు రద్దవుతుంటాయి. వెళ్లేటప్పుడు పడవ ఎక్కిన బావగారు, తిరుగు ప్రయాణానికి విమానం తప్ప మరో మాట ఎత్తనివ్వలేదు.

బస విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఊరికి దూరంగా ఉన్న ఖరీదైన రిసార్టుల్లో ప్రశాంతత ఉంటుంది, కానీ నత్తలు తినడానికి రాత్రిపూట ఊళ్లోకి రావలసిందే. అందుకని కోన్ సోన్ పట్టణంలో, సంతకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చిన్న అతిథి గృహంలో దిగాము. గది ఇరుకే అయినా శుభ్రంగా ఉంది, స్కూటరు కూడా వాళ్లే అద్దెకు ఇచ్చారు. గోడ పక్క గదిలోని భక్తులు అర్ధరాత్రి సమాధి దర్శనానికి బయలుదేరే సందడి మాత్రం మూడు రాత్రులూ భరించాము.

మొదటి సాయంత్రం సముద్రపు ఒడ్డున, దీపాలు బాగా పెట్టిన ఒక భోజనశాలకు వెళ్లి మోసపోయాము. పట్టికలో నత్తల ఎదురుగా అంకె లేదు, ‘ఆనాటి ధర’ అని మాత్రమే ఉంది. అడగకపోవడం నా తప్పు. వచ్చిన నత్తలు ఎంత నమిలినా లొంగలేదు. బిల్లు చూశాక బావగారు, ‘ఇంత పోసి నువ్వు తిన్నది రబ్బరా?’ అన్నారు.

మరునాడు సంత దగ్గర ప్లాస్టిక్ ముక్కాలిపీటలు వేసిన చిన్న కొట్టులో అసలు రుచి తెలిసింది. బేసిన్‌లో బతికున్న వాటిని మేమే ఎంచుకున్నాము, కొట్టు నడిపే ఆవిడ మా ఎదుటే తూచి కిలో లెక్కన ధర చెప్పింది. తూకంలో గుల్ల బరువే ఎక్కువ కాబట్టి, కిలో అన్నా తినేది కొంచెమే. ఆవిడ గుల్లలను బొగ్గుల కుంపటి మీద మొన కిందికి ఉండేలా వెల్లకిలా పేర్చింది. నత్తలోని ఉప్పునీరు ఆ గుల్లలోనే ఊరి, బుడగలు కట్టి, మాంసం అంచుల్లో ముడుచుకోగానే వేడి నూనెలో మగ్గిన ఉల్లికాడలు చెంచాతో పోసి, పైన వేయించి దంచిన వేరుశనగ గుళ్లు చల్లి దించేసింది. అంతా కలిపి నాలుగైదు నిమిషాలు. ఆ పైన ఒక్క నిమిషం ఉంచినా ముందు రోజు రబ్బరే అవుతుందనుకుంటాను. పళ్లెంలో ఉప్పు, మిరియాల పొడి వేసి ఉసిరికాయంత నిమ్మకాయ పిండుకొని అందులో అద్దుకుంటే, మొదట కరకరమని, తరువాత లేత కొబ్బరిలా తియ్యగా తగిలింది. అవే నత్తలతో చేసే సలాడ్ కూడా తిన్నాను. బాగుంది, అయితే ఊరవేసిన చేపల నుంచి తీసే ఉప్పటి రసంలో, పులుపులో నత్త రుచి కొంత మరుగున పడుతుంది. రెండింట్లో ఒకటే తినగలిగితే కాల్చినదే తినండి.

బావగారికి అన్నం, ఆకుకూరలు, పండ్లతో పాటు వేయించిన నాటు బాదం పలుకులు ఆసరా అయ్యాయి. మన పెరళ్లలో పిల్లలు రాయితో కొట్టుకు తినే ఆ బాదం చెట్లే అక్కడ సముద్రపు వీధి వెంట మహావృక్షాలై ఉన్నాయి. పలుకులను ఉప్పు వేసి, చక్కెర పట్టించి డబ్బాల్లో అమ్ముతారు.

ఆఖరి రాత్రి కొట్టావిడ ఖాళీ గుల్లలు కడిగి ఇచ్చింది. లోపలి వైపు ముత్యపు చిప్పలా మెరుస్తుంది. గుల్లసున్నానికి తప్ప వీటి విలువ ఎరగని ఇంట్లో పెరిగిన నేను నాలుగు దాచుకున్నాను, నత్త ముట్టని బావగారు పన్నెండు తెచ్చుకున్నారు.