విజయనగరంలో కొన్న విద్యుత్ విశ్లేషణ కిట్టు: లోటంతా ఆనోడ్ దగ్గరే

విజయనగరం గంటస్తంభం సమీపంలో ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో, మా పదో తరగతి పిల్లల కోసం నీటిని కరెంటుతో హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టే ఈ కిట్టును 650 రూపాయలకు తీసుకున్నాను. మిల్లీలీటరు గీతలున్న రెండు గాజు గొట్టాలు, రబ్బరు బిరడాల్లో బిగించిన రెండు కార్బన్ కడ్డీలు, 9 వోల్టుల బ్యాటరీకి తగిలించే తీగలు ఇందులో ఉన్నాయి. గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, బిరడాల నుంచి ఒక్క చుక్క కారలేదు. ఆ ధరకు అది మెచ్చుకోవలసిన పనితనమే.

సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి కరెంటు ఇవ్వగానే కాథోడ్ (బ్యాటరీ రుణ ధ్రువానికి కలిపిన కడ్డీ) దగ్గర హైడ్రోజన్ అయాన్లు ఎలక్ట్రాన్లను అందుకుని, వాయువు బుడగలు బుడగలుగా పైకి లేచింది. ఇరవై నిమిషాలకు 10 మిల్లీలీటర్లు చేరింది. వెలిగించిన పుల్ల చూపితే టప్పుమని మండింది. ఆనోడ్ (ధన ధ్రువానికి కలిపిన కడ్డీ) దగ్గర నీటి అణువులు ఎలక్ట్రాన్లను వదిలి ఆక్సిజన్‌ను ఇస్తాయి కనుక అక్కడ హైడ్రోజన్‌లో సగం, అంటే 5 మిల్లీలీటర్లు రావాలి. వచ్చింది సుమారు 4. ఆక్సిజన్ నీటిలో కొంత కరుగుతుందన్న మాట నిజమే గాని, అప్పటికే ఆక్సిజన్ కరిగి ఉన్న అదే ద్రావణంతో రెండోసారి చేసినా లోటు తీరలేదు. పైగా ద్రావణంలో నల్లని నలుసులు తేలాయి. పుట్టిన ఆక్సిజన్‌లో కొంత కార్బన్ కడ్డీనే తినేసి కార్బన్ డైఆక్సైడ్‌గా మారుతుంది, అది నీటిలో ఇంకా ఎక్కువగా కరుగుతుంది. కిట్టుతో ఇచ్చిన కాగితంలో హైడ్రోజన్, ఆక్సిజన్‌ల నిష్పత్తి 2:1 అని రాశారే తప్ప ఈ సంగతి చెప్పలేదు. ప్రయోగం తప్పిందని పిల్లలు తమనే నిందించుకుంటారే అన్నది నా బాధ.

ప్లాటినం తీగలుంటే ఈ చిక్కు లేదు, కానీ వాటి ధర బడికి అందదు. స్టీలు తీగ పెడదామంటే ఆమ్లంలో ఆనోడ్‌గా అది కరిగిపోతుంది. చివరికి సజల సోడియం హైడ్రాక్సైడ్‌లో నికెల్ తీగలు పెట్టి చూశాను. నిష్పత్తి దాదాపు సరిగ్గా కుదిరింది, ఆర్పిన అగరుబత్తి ఆనోడ్ గొట్టంలో మళ్లీ ఎర్రగా రగిలింది.

కాగితంలో మరో ప్రమాదకరమైన మాట ఉంది: 'ఏ సజల ఆమ్లమైనా వాడవచ్చు' అని. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఆనోడ్ దగ్గర ఆక్సిజన్‌తో పాటు క్లోరిన్ వస్తుంది, ఆమ్లం గాఢమయ్యే కొద్దీ క్లోరినే ఎక్కువవుతుంది. కిటికీలు మూసిన గదిలో పిల్లల చేత దాన్ని చేయించకండి. దుకాణంలో ఈ వాక్యం చూపించి, దిద్దిన కాగితం ఇవ్వమని అడిగి వచ్చాను.